గుక్కెడు నీళ్లు, చెరువంత ఆశ

అనగనగా ఒక అడవి. ఆ అడవి మధ్యలో ఒక వాగు. పేరుకే వాగు. రోహిణి కార్తె వచ్చిందంటే అందులో నీళ్లుండవు, అరికాళ్లు కాల్చే ఇసకే ఉంటుంది.

ఆ ఇసకలో ఒక చెలమ ఉండేది. చెలమంటే ఏమిటో తెలుసా పిల్లలూ? ఎండిన వాగులో ఇసక తోడితే అడుగున నీళ్లు ఊరతాయి. ఆ గుంటే చెలమ. ఉన్నది తాగి, కాసేపు ఆగాలి. మళ్లీ ఊరుతుంది. మళ్లీ తాగాలి. చెలమకు తొందరంటే ఏమిటో తెలియదు. తొందరపడ్డవాడికి బురదే ఇస్తుంది.

ఆ చెలమ తవ్వింది ముళ్ళవ్వ. ఆమె ఒక ముసలి ముళ్ళపంది. ఆరు కరువులు చూసిన ప్రాణం. తవ్విన రోజే మూడు కట్టుబాట్లు పెట్టింది. ముందు పిల్లలు తాగాలి. ఎవరైనా సరే మూడు గుక్కలే తాగాలి. చెలమ అంచును ఎవరూ ముట్టకూడదు. ముట్టాలంటే తాగేవాళ్ళందరూ సరే అనాలి. ఒక్కరు కాదన్నా కాదే.

అక్కడ నక్కా కుందేలూ ఒకే వరసలో నిలబడేవి. దాహం అంత పని చేయిస్తుంది.

వరసలో అందరికంటే ముందు చెంగి అనే జింక నిలబడేది. ఆమెకు బుడ్డి అని ఒక కూతురు. అదునుగాని అదునులో పుట్టిన పిల్ల. గడ్డి లేక చెంగికి పాలు ఎండిపోయాయి. బుడ్డి కాళ్లు పుల్లల్లా వణికేవి. చెలమ నీళ్లే దాన్ని నిలబెడుతున్నాయి.

"మృగశిర వాన పడేదాకా నా బిడ్డ నాలుగు కాళ్ల మీద నిలబడితే చాలు." ఇది చెంగి చిన్న ఆశ. రోజూ పైకే అనుకునేది.

ఆమెకు ఇంకో ఆశ కూడా ఉంది. దాన్ని ఎవరికీ చెప్పలేదు. నిండు చెరువు పక్కన, పచ్చగడ్డిలో, నీళ్లు చిందేలా బుడ్డి గంతులు వేయాలి. అది పెద్ద ఆశ. చెబితే నవ్వుతారని దాచుకుంది.

ఒకరోజు పొద్దున్నే బుడ్డి చెలమ మీదికి మూతి వంచింది. అంతలో వెనక నుంచి గట్టిగా ఒక గొంతు వినిపించింది.

"ఆగండి! ఈ ముష్టి తాగుడు ఇంకెన్నాళ్లు?"

అది కోరయ్య. కోరలు తిరిగిన అడవిపంది.

"కుందేలుకీ మూడు గుక్కలే, నాకూ మూడు గుక్కలేనా? నా ఒళ్లు చూశారా? ఇదేం న్యాయం?" అన్నాడు.

అతని మాటలో కొంత నిజం ఉంది. కొందరు తలలూపారు.

"గుక్కెడు బతుకులు, గుక్కెడు ఆశలు!" అని కోరయ్య ముట్టె ఎత్తాడు. "నా కోరలు చూడండి. మూడే మూడు పోట్లు. ఈ గుంటను చెరువు చేస్తాను. అందరూ మునిగి తాగొచ్చు!"

"ఆహా! ఆశంటే అదీ!" అంది ఊళప్ప అనే నక్క. పని చేయడం తప్ప అన్నీ తెలిసిన నక్క అది. "చెప్పండి, చెప్పండి. ఎవరికేం కావాలి?"

"నాకు రోజూ స్నానం!" అంది కోతి.

"నాకు నా పింఛం చూసుకోడానికి నీటి అద్దం!" అంది నెమలి.

"నాకు... వరసలో నిలబడకుండా తాగాలని ఉంది," అంది కుందేలు సిగ్గుపడుతూ.

ముళ్ళవ్వ ముళ్లు గలగలలాడించింది.

"ఒరే కోరయ్యా! ఇసక కింద బంకమన్ను ఉందిరా. పళ్లెంలా ఉండి నీళ్లను పట్టి ఉంచుతోంది. పళ్లెం పగిలిందా, ఉన్న నీళ్లు కూడా పాతాళానికే. చెరువు కావాలా? కావాలి. నాకూ కావాలి. కానీ దానికి అదునుంది. వానలు పడనీ. గట్టున తవ్వుదాం. ఈ చెలమ జోలికి మాత్రం రావద్దు."

"అవ్వకు భయం. చెలమ పోతే పెత్తనం పోతుందని!" అంది ఊళప్ప. అందరూ నవ్వారు.

"ఏమే అవ్వా, నువ్వొక్కదానివి కాదంటావా?" అన్నాడు కోరయ్య.

"చెంగి కాదంటే కాదంటాను," అంది ముళ్ళవ్వ. "ఇక్కడ ఈ నీళ్లు ఎవరికి ప్రాణమో, వాళ్ళ మాటే నా మాట. చెప్పవే చెంగీ."

అందరి చూపూ చెంగి మీద పడింది.

కోరయ్య దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. "చెంగమ్మా, నీ బిడ్డ గంతులేయడం నువ్వు చూడొద్దా? లేచి నిలబడితే చాలా? అదీ ఒక ఆశేనా?"

దాచుకున్న ఆశను ఎవరో చెయ్యి పెట్టి బయటికి లాగినట్టయింది చెంగికి. తన చిన్న ఆశ మీద తనకే సిగ్గేసింది. ముళ్ళవ్వ కళ్లలోకి చూడలేకపోయింది.

"సరే," అంది.

బుడ్డి మళ్లీ నీళ్లకు మూతి చాపింది. "అమ్మా, దాహం."

"కాసేపు ఆగు తల్లీ. కడుపునిండా తాగుదువుగాని," అని చెంగి బిడ్డను పక్కకు లాగింది.

ఆ పూట బుడ్డి గొంతులోకి ఒక్క చుక్క కూడా దిగలేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

కోరయ్య మొదటి పోటు పొడిచాడు. నీళ్లు బుడబుడమని పైకొచ్చాయి. కోతి కేరింతలు కొట్టింది.

రెండో పోటు పొడిచాడు. నీళ్లు మోకాలి దాకా లేచాయి. నెమలి తొంగి చూసి మురిసిపోయింది.

"చాలురా! ఆపరా!" అని ముళ్ళవ్వ అరిచింది. ఎవరు వింటారు?

మూడో పోటు పడింది.

అడుగున గుటుక్కుమంది. నేలే ఒక గుక్క వేసినట్టు. నీళ్లు గిర్రున తిరిగాయి. తిరుగుతూ తిరుగుతూ దిగిపోయాయి. నాలుగు పక్కలా ఇసక జారి గుంటలో పడింది. బుడ్డి వణుకుతున్న కాళ్లతో వచ్చి తడి ఇసకను నాకింది. క్షణంలో ఆ తడి కూడా పోయింది.

"నేనప్పుడే అనుకున్నాను," అని గొణిగి ఊళప్ప పొదల్లోకి జారుకుంది. కోతి కోరయ్యను తిట్టింది. కోరయ్య నెమలిని తిట్టాడు. నెమలి చెంగిని తిట్టింది.

చెంగి ముళ్ళవ్వ ముందు తల వంచింది. "అవ్వా, నన్ను తిట్టు."

"తిట్టడానికి నోట్లో తడి లేదే," అంది ముళ్ళవ్వ. "ఎండ ఎక్కకముందే లే. వాగు వెంట నడువు. ఎక్కడైనా తుంగ మొదలు పచ్చగా కనిపిస్తే అక్కడ తోడు. మెల్లగా తోడు. బంకమన్ను తగలగానే ఆగు."

చెంగి నడిచింది. వెనక బుడ్డి పడుతూ లేస్తూ వచ్చింది.

వాగు మొదటి మలుపులో చెంగి గిట్టలతో ఇసక తోడింది. ఎంత తోడినా పొడి ఇసకే. రెండో మలుపులో తోడింది. రాయి తగిలింది. గిట్ట చీలి రక్తం వచ్చింది. వెనక్కి చూస్తే బుడ్డి లేదు. ఇరవై అడుగుల వెనక పడిపోయి ఉంది.

"అమ్మా, నేనిక్కడే ఉంటాలే," అంది బుడ్డి.

"ఉండకూడదు! లే!" చెంగి మూతితో పొడిచింది. తోసింది. ఈడ్చింది. ఎండ నడినెత్తికి వచ్చింది. మూడో మలుపులో ఒకే ఒక తుంగ మొక్క కనిపించింది. పైన ఎండింది, మొదలు పచ్చగా ఉంది.

చెంగి చీలిన గిట్టతోనే తోడింది. ఇసక చల్లబడింది. ఇసక తడిసింది. బంకమన్ను జిగురు గిట్టకు తగిలింది.

ఆగింది. ఇంకొక్క దెబ్బ వేయమని దాహం అరుస్తోంది. అయినా ఆగింది.

ఒక చుక్క ఊరింది. తర్వాత ఇంకొకటి. కంటి ముందు బిడ్డ కళ్లు మూతలు పడుతున్నాయి. గుంటలో నీళ్లేమో తీరిగ్గా ఊరుతున్నాయి. లోకంలో అంతకంటే కష్టమైన పని లేదు పిల్లలూ, ఊరేదాకా ఆగడం.

గుక్కెడు ఊరింది. చెంగి బుడ్డి మూతిని నీళ్లలో ముంచింది. బుడ్డి గొంతు కదిలింది.

అంతలో వెనక ఇసక దబదబమంది. నీళ్ల వాసన పట్టి కోరయ్య పరుగెత్తుకొస్తున్నాడు!

చెంగి గుంటకు అడ్డంగా నిలబడింది. ఆమెకు కొమ్ములు లేవు. తల వంచి నిలబడింది, అంతే.

"కోరయ్యా, ఆగు! నువ్వొక్క తోపు తోస్తే నేను పడతాను. నాతో పాటు ఈ గుంటా కూలుతుంది. ఆ తర్వాత నీ కోరలు నాక్కుంటావా?"

కోరయ్య ఆగాడు. పక్కటెముకలు ఎగిరి పడుతున్నాయి. గుంటను చూశాడు. బుడ్డిని చూశాడు. ముట్టె దించాడు.

"నాకూ దాహమే చెంగమ్మా," అన్నాడు.

"ఎంత కావాలి?"

కోరయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"గుక్కెడు."

"అయితే నిలబడు. నా బిడ్డ తర్వాత అవ్వ. అవ్వ తర్వాత కుందేలు. ఆ తర్వాత నువ్వు. నీ ఒంటికి మూడు గుక్కలు చాలవు, నిజమే. ఆరు తాగు. కానీ ఊరాక తాగు."

సాయంత్రానికి కబురు తెలిసి అందరూ వచ్చి వరసలో నిలబడ్డారు. ఊళప్ప కూడా వచ్చింది. వచ్చి చివర నిలబడింది.

పదకొండు రోజులకు మృగశిర వాన పడింది. ఆ రోజు బుడ్డి నాలుగు కాళ్ల మీద నిలబడే తడిసింది.

వాన వెలిసిన మర్నాడు చెంగి కోరయ్య దగ్గరికి వెళ్లింది.

"లే కోరయ్యా. నీ పెద్ద ఆశకు ఇప్పుడు అదును. గట్టు మీద నేల మెత్తబడింది. నీ కోరలకు పని చెప్పు."

"ఇంకా నన్ను నమ్ముతావా?"

"నిన్ను కాదు, నీ కోరల్ని. నిన్ను చూసుకోడానికి అవ్వ ఉంది."

"నేను చూస్తానురా! నా ముళ్లతో సహా చూస్తాను!" అంది వెనక నుంచి ముళ్ళవ్వ.

ఒక్క వానకు చెరువు కాలేదు. మూడు వానాకాలాలు తవ్వారు. కోతి మన్ను మోసింది, కుందేలు గట్టు తొక్కింది. మూడో ఏడు చెరువు నిండింది. బుడ్డి అప్పటికి పెద్దదైంది. గట్టు దిగి నీళ్లలోకి ఒక గంతు వేసింది. చిందిన నీళ్లు చెంగి మొహాన పడ్డాయి. చెంగి వాటిని తుడుచుకోలేదు.

చెరువు నిండినా, వాగు మూడో మలుపులో చెలమను మాత్రం ఎవరూ పూడ్చలేదు. ఈనాటికీ దాని అంచు ఎవరూ తొక్కరు.

నీతి: పెద్ద ఆశ పడటం తప్పు కాదు. దాని కోసం ఈ పూట ప్రాణం నిలిపే చిన్న ఆశను తవ్వి పారేయడమే తప్పు.