రేపటి నష్టం ఇవాళే

జొన్నలంకలో గ్రైండర్లు తయారుచేసే బుర్రవారికి తమ తెలివి మీద మహా నమ్మకం. ఇంటిపేరే బుర్ర, ఇంక వేరే సాక్ష్యం దేనికని వాళ్ళ వాదన. పెద్దవాడు గవర్రాజు ఆలోచిస్తాడు, తమ్ముడు అబ్బులు తలూపుతాడు, చెల్లెలు మంగతాయారు ఇద్దర్నీ చూసి మురిసిపోతుంది. ఊళ్ళో మిగతావాళ్ళని చూస్తే ముగ్గురికీ జాలి. నిజం చెప్పొద్దూ, గ్రైండరు మాత్రం బ్రహ్మాండంగా చేస్తారు. ఆ పనికి బుర్ర అక్కర్లేదు కాబోలు, చేతులే చేసుకుపోతాయి.

ఆ ఏడు అమ్మకాలు పడిపోయి కార్ఖానాకి తాళం వేసే పరిస్థితి వచ్చింది. సరిగ్గా అప్పుడే పట్నం నుంచి ఓ పెద్ద కంపెనీ కబురు పెట్టింది. మీ గ్రైండర్లన్నీ మేమే కొంటాం, కాకపోతే మీ లెక్కలు పెద్ద కంపెనీల పద్ధతిలో ఉండాలి, సోమవారం మా ఆఫీసరు వచ్చి చూస్తారు అని. ఆ ఆర్డరు వస్తే కార్ఖానా నిలబడుతుంది, లేకపోతే లేదు. అన్నదమ్ములు పరుగున పోయి ఆడిటరు సోమయాజులుగారిని తీసుకొచ్చారు.

ఆయన కాఫీ తాగి, కండువాతో మూతి తుడుచుకుని చెప్పాడు.

"పెద్ద కంపెనీల కిటుకు ఒక్కటేనయ్యా. రేపు రాబోయే నష్టాన్ని ఇవాళే లెక్కలోకి తీసుకోవాలి. వారంటీ ఇచ్చి వంద గ్రైండర్లు అమ్మితే ఓ ఐదు పాడవుతాయి. ఆ ఐదింటికీ ఇవాళే పక్కన పెట్టాలి. పెరట్లో గుంట తవ్వి రాతిపొడి నీళ్ళు వదుల్తున్నారు కదా, ఎప్పటికైనా దాన్ని పూడ్చాలి. అందుకు కావలసింది కూడా ఇవాళే పక్కన పెట్టాలి. ఏ షెడ్డయినా మూసే ఆలోచనుంటే మనసులో అనుకుంటే చాలదు, పనివాళ్ళకి చెప్పాలి. చెప్పాకే లెక్క."

చెప్పి బస్సుకి టైమైపోతోందని వెళ్ళిపోయాడు. ఆ మహానుభావుడు ఇంకో పది నిమిషాలు ఉండుంటే ఎంత బాగుండేది.

గవర్రాజు వెంటనే ఐదు గ్రైండర్లు తెచ్చి గోడవార పెట్టించాడు. స్విచ్చి వేసి చూస్తే ఐదూ చక్కగా తిరుగుతున్నాయి.

"తమ్ముడూ, పాడయ్యేవి పక్కన పెట్టమంటే బాగున్నవి పెట్టాం. ఆఫీసరుగారి ముందు అబద్ధమైపోదూ?" అన్నాడు.

అంతే, అబ్బులు సమ్మెట అందుకున్నాడు. పొద్దున్న మొదలెడితే దీపాల వేళకి ఐదూ పూర్తిగా పాడయ్యాయి. సమ్మెట పిడి కూడా విరిగింది. దాన్ని కూడా పక్కన పెట్టారు.

మర్నాడు ఎదురువీధి పూర్ణమ్మగారు వచ్చి, "నా గ్రైండరు తిరగట్లేదు, అబ్బులూ, కాస్త చూడు" అంది.

"మీది పాడవడానికి వీల్లేదండీ. పాడవ్వాల్సిన ఐదూ మా దగ్గరే ఉన్నాయి."

"పాడైందిరా నాయనా, పప్పు అలాగే నానుతోంది."

"ఆరోది ఎలా పాడవుతుందండీ? మీరు పొరపాటు పడుతున్నారు. ఇంటికెళ్ళి బాగున్నట్టు వాడుకోండి."

ఆవిడ అన్న మాటలు పిల్లలున్న చోట చెప్పకూడదు.

ఇంక గుంట సంగతి. గుంట పూడ్చాలంటే కావలసింది మట్టి కదా. మట్టి కావాలంటే తవ్వాలి. పెరట్లోనే తవ్వి ఓ పెద్ద కుప్ప పక్కన పెట్టారు. తీరా చూస్తే తవ్విన చోట ఇంకో గుంట.

"దీన్ని కూడా ఎప్పటికైనా పూడ్చాలి కదన్నయ్యా" అంది మంగతాయారు.

ఆ తెలివికి గవర్రాజు కళ్ళు చెమర్చాయి. దాని కోసం మరోచోట తవ్వారు. మరోచోట కోసం ఇంకోచోట తవ్వారు. పెరడైపోతే పక్క సందు, సందైపోతే వీధి వాకిలి. ఆదివారానికి కార్ఖానా చుట్టూ గుంటలూ, గుంటల చుట్టూ కుప్పలూ. ఎన్ని తవ్వినా ఒక గుంట మిగిలిపోతోందేమిటా అని ముగ్గురికీ ఆశ్చర్యం.

మిగిలింది షెడ్డు మూయడం. వాళ్ళకున్నది ఒక్కటే షెడ్డు, దాన్ని మూసే ఆలోచన కలలో కూడా లేదు.

"అయినా చెప్పేద్దాం. పెద్ద కంపెనీలన్నాక ఏదో ఒకటి మూస్తూనే ఉంటాయి. మనం తక్కువ తిన్నామా?" అన్నాడు గవర్రాజు.

పనివాళ్ళందర్నీ పిలిచి, షెడ్డు మూసేస్తున్నామని చెప్పాడు.

"ఎందుకండీ?" అని అడిగాడు మేస్త్రీ వీర్రాఘవులు.

"ఎందుకేమిటి, లెక్క కోసం."

"మరి మా సంగతేంటండీ?"

"మీకు చెప్పాం కదా. మీ పని అంతే."

ఇంకేముంది, వాళ్ళు టిఫిన్ క్యారేజీలు పట్టుకుని పక్కూరి రైసుమిల్లులో పని వెతుక్కోవడానికి పోయారు. ఇన్నేళ్ళు చేసినవాళ్ళు, పాపం, వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ పోయారు. బుర్రవారు మాత్రం చెయ్యి ఊపారు.

సోమవారం ఆఫీసరు హైమవతిగారు వచ్చింది. కారు మొదటి గుంట దగ్గరే ఆగిపోయింది. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, కుప్పలెక్కి దిగి, ఎలాగో లోపలికి చేరింది. గోడవారనున్న తుక్కు చూసి ఇదేమిటని అడిగింది.

"వారంటీ అండి. ఐదింటిని పాడుచేయడానికి పొద్దుగూకే దాకా పట్టిందండి. సమ్మెట పిడి కూడా విరిగిందండి" అన్నాడు అబ్బులు.

ఆవిడ వంగి, నలిగిన డబ్బాల్ని తట్టి చూసింది. లోపలి రాళ్ళు ఒక్కటీ చిట్లలేదు. పనివాళ్ళేరని అడిగితే, షెడ్డు మూసేస్తున్నామని లెక్క కోసం చెప్పగానే వెళ్ళిపోయారన్నాడు గవర్రాజు.

"ఇంత గట్టి గ్రైండరు నేనెక్కడా చూడలేదు. లెక్కలు మావాళ్ళు చూసుకుంటారు. మీరు మాత్రం ఆ పనివాళ్ళని వెనక్కి పిలవండి" అని ఆర్డరు కాగితం మీద సంతకం చేసి గవర్రాజు చేతిలో పెట్టింది.

ముగ్గురికీ కాళ్ళు నేలమీద నిలవలేదు. కార్ఖానా నిలబడింది. గవర్రాజు కాగితాన్ని కళ్ళకద్దుకుని, మాటవరసకి అడిగాడు.

"ఈ ఆర్డరు ఎన్నాళ్ళుంటుందండీ?"

"బాగా చేసినన్నాళ్ళు ఉంటుంది. ఎప్పుడో ఓనాడు ఆగిపోవచ్చులెండి, ఏదీ శాశ్వతం కాదు కదా."

గవర్రాజు మొహం వాడిపోయింది. తమ్ముణ్ణి, చెల్లెల్ని పక్కకి పిలిచాడు. ముగ్గురూ తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడారు. తిరిగొచ్చి, గవర్రాజు ఆ కాగితాన్ని నాలుగు ముక్కలుగా చింపి ఆవిడ చేతిలో పెట్టాడు.

"రేపు రాబోయే నష్టాన్ని ఇవాళే తీసేసుకున్నామండి. మీ పద్ధతేనండి."

హైమవతిగారు ఆ ముక్కల్ని అరచేతిలో పేర్చి చూసుకుంది. ఈలోగా మంగతాయారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భోరున ఏడవడం మొదలెట్టింది.

"ఎందుకమ్మా ఏడుస్తావు?" అన్నాడు అబ్బులు.

"ఈవిడ వెళ్ళిపోయాక మనం చేసిన పని తెలిసొచ్చి ఏడుస్తాం కదన్నయ్యా. ఆ ఏడుపు ఇప్పుడే కానిచ్చేస్తున్నా."

"అమ్మ నా తల్లీ, ఎంత ముందుచూపే నీకు" అని గవర్రాజు కూలబడ్డాడు. అబ్బులు కూడా పక్కన చేరాడు. ఆవిడ చూస్తుండగానే ముగ్గురూ ఒకరినొకరు పట్టుకుని తనివితీరా ఏడ్చి, మొహాలు కడుక్కుని, ఇంక ఏ బెంగా లేకుండా భోజనానికి లేచారు.