పడుకున్న జీపు లేచిన తీరు

అనగనగా ఒక కొండ. ఆ కొండ వెనక మరో కొండ. ఆ రెండు కొండల నడుమ నేరేడుమెట్ట అనే గూడెం. గూడెంలో నలభై గడపలు, నలభై గడపలకూ కలిపి ఒకటే దారి. అదైనా దారిలా ఉండేది కాదు. ఎండాకాలం రాళ్లు, వానాకాలం బురద.

ఆ గూడెంలో గాసన్న అనే రైతు ఉండేవాడు. ఎద్దుల బేరంలో ఆయనను మించినవారు చుట్టుపక్కల ఏడు సంతల్లోనూ లేరు. ఆయనకు ప్రశ్నలు ఎక్కువ. ఎద్దును చూస్తే దాని తల్లి ఏ ఊరిదో, అది ఏ పక్కకు తిరిగి పడుకుంటుందో కూడా అడగాల్సిందే. గాసన్న ఎద్దును కొనడు, దాని జాతకం కొంటాడని గూడెంవాళ్లు నవ్వుకునేవారు.

ఆయన పద్ధతులు మూడు. కడుపు నిండా మేసి ఉన్న ఎద్దును చూడకూడదు. పడుకున్న ఎద్దు లేచేటప్పుడు చూడాలి. చివరగా, దీనికున్న అవలక్షణం ఏమిటని అమ్మేవాణ్ణే అడగాలి. ఏమీ లేదన్నాడో, తువ్వాలు దులుపుకుని వచ్చేయాలి.

పోయిన వానాకాలం గాసన్న కూతురు సీతాలుకు నొప్పులు వచ్చాయి. డోలీ కట్టి, నలుగురు మోసుకుంటూ కొండ దిగారు. సగం దూరం వెళ్లారో లేదో, దారిలోనే కాన్పు అయింది. బిడ్డ దక్కలేదు. ఆ రోజు నుంచి గాసన్నకు తిన్న ముద్ద ఒంటపట్టలేదు. ఇప్పుడు సీతాలుకు మళ్లీ నెలలు నిండుతున్నాయి. శ్రావణంలో పురుడు.

గూడెమంతా కూర్చుని ఆలోచించింది. ఆ ఏడు పసుపు అమ్మిన డబ్బంతా ఒకచోట చేర్చారు. కొత్త బండికి అది చాలదు. చాలినా ఆ దారికి మామూలు బండి పనికిరాదు. నాలుగు చక్రాలూ లాగే పాత డీజిల్ జీపు ఒకటి కొనాలని తేల్చారు. మరి బేరానికి ఎవరు వెళ్లాలి? ఎద్దుల బేరం తెలిసినవాడికి జీపు బేరం తెలియదా అని గాసన్ననే పంపారు. జీపుకు కొమ్ములుండవని, పట్టి చూడటానికి పళ్లుండవని ఒక్కరికీ తోచలేదు. బండి నడపడం వచ్చిన అల్లుడు కామేశు తోడు వెళ్లాడు.

మొదట పట్నంలో పాత బండ్లు అమ్మే చలమయ్య దగ్గరకు వెళ్లారు. వస్తున్నామని ముందే కబురు పెట్టారు. వీళ్లు వెళ్లేసరికి ఎర్ర రంగు జీపు ఒకటి పెళ్లికొడుకులా ముస్తాబై ఉంది. మెత్తని సీట్లు, పాట పాడే హారను. ఇంజను అప్పటికే ఆడుతోంది. కామేశు మనసు అక్కడే జారిపోయింది.

గాసన్న జీపు చుట్టూ మూడుసార్లు తిరిగి, బానెట్టు మీద అరచెయ్యి వేసి చూశాడు. పెనంలా కాలింది.

"ఇది ముందే మేసేసింది అల్లుడూ" అన్నాడు.

బండిని కాసేపు పడుకోబెట్టమని, అది చల్లారాక లేవడం చూస్తానని చలమయ్యను అడిగాడు. చలమయ్య నవ్వి, ఇది ఎద్దు కాదు పెద్దాయనా అన్నాడు. గాసన్న ఏమీ అనుకోలేదు. అరుగు మీద కూర్చుని, మూట విప్పి, తెచ్చుకున్న అంబలి తాగుతూ చూస్తున్నాడు. చలమయ్య ఇంజను ఆపాడు. కానీ ఊరికే ఉండలేకపోయాడు. గంట గడవకముందే బ్యాటరీ పాడవుతుందని ఒకసారి, దుమ్ము దులపాలని ఒకసారి బండిని మళ్లీ లేపాడు. మూడోసారి లేపేసరికి గాసన్న తువ్వాలు దులుపుకున్నాడు. పైన పటారం, లోన లొటారం అయితే తప్ప ఇంత కంగారు ఎందుకని దారి పొడవునా ఆలోచిస్తూనే ఉన్నాడు.

మర్నాడు కబురు పెట్టకుండా, తెలతెలవారుతుండగా, జీపు అమ్ముతున్న జగ్గరాజు అనే కాంట్రాక్టరు ఇంటికి వెళ్లారు. ఆకుపచ్చ జీపు చల్లగా ఉంది. జగ్గరాజు మీసం సవరించుకుని ఎక్కాడు. బండి నాలుగు బారలు ముందుకు దొర్లి, గుర్రుమని లేచింది. కామేశు సంతోషపడ్డాడు.

గాసన్న మాత్రం బండి కింద నేల వంక చూశాడు. వాకిలంతా చదునుగా ఉంటే, బండి ఒక్కటీ ఆ మూల వాలులో ఎందుకు పడుకుంది? అదే అడిగాడు. తన బండి ఎప్పుడూ అక్కడే ఉంటుందని జగ్గరాజు కసిరాడు. ఇంజను చల్లారేదాకా గాసన్న కదల్లేదు. ఆ తర్వాత ముగ్గురూ కలిసి బండిని చదును నేల మీదికి నెట్టారు. అక్కడ అది మూలిగింది, దగ్గింది, తెల్లటి పొగ కక్కింది, లేవలేదు. వాలులో ముసలి ఎద్దయినా లేస్తుంది. గూడెంలో సీతాలు ఉన్న ఇంటి ముందు వాలు లేదు.

తిరుగుదారిలో కామేశు ముఖం గంటు పెట్టుకున్నాడు. శ్రావణం దగ్గర పడుతోందని, మావ చాదస్తంతో పుణ్యకాలం కాస్తా గడిచిపోయేలా ఉందని అతని బాధ. ఆ బాధలో అబద్ధం లేదని గాసన్నకు తెలుసు. ఆయనకూ లోపల భయంగానే ఉంది.

ఘాటు రోడ్డు మొదట్లో టీ బడ్డీ దగ్గర ఆగారు. బడ్డీ నడిపేది నూకరత్నం. బడ్డీ వెనక, పట్టా కప్పి ఒక జీపు ఉంది. రంగు వెలిసింది, ఒక తలుపును తాడుతో కట్టారు. ఆమె భర్త బతికి ఉన్న రోజుల్లో దాని మీద సంతకు జనాన్ని తోలేవాడు, ఇప్పుడు ఆమె దాన్ని అమ్మకానికి పెట్టింది. గాసన్న పట్టా ఎత్తి బానెట్టు మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది. కింద నేల పలకలా చదునుగా ఉంది. ఆయనకు కుతూహలం పుట్టింది.

"దీనికున్న అవలక్షణం ఏటి సెల్లెమ్మా?" అని అడిగాడు.

"ఒకటేటన్నా, మూడున్నాయి" అంది నూకరత్నం. "పొద్దున్న లేపితే లెగదు. తాళం సగం తిప్పి ఇరవై లెక్కెట్టాలి, అప్పుడు పూర్తిగా తిప్పాలి. రోజుకో సెంచాడు నూనె కారుద్ది, డబ్బా కూడా ఉండాలి. వానొస్తే వెనక సీటు మీద కారుద్ది, గొడుగు ఉండాలి."

ఈ మాటలు విని, కొనడానికి వచ్చిన ఇద్దరు వచ్చినట్టే వెళ్లిపోయారట. రంగు వేయించి నోరు మూసుకోమని ఆమె తమ్ముడు పోరుతున్నాడట. కానీ కొండమీద బండి మోసం చేస్తే మనిషి పోతాడని భర్త ఎప్పుడూ అనేవాడని, ఆ మాట దాటలేకపోతున్నానని చెప్పింది.

కామేశు తాళం సగం తిప్పి, ఇరవై లెక్కపెట్టి, పూర్తిగా తిప్పాడు. జీపు ఒక్కసారి దగ్గి లేచింది. అలా ఎందుకు లెక్కపెట్టాలని గాసన్న అడిగితే, లోపల కుంపటి రాజుకోవడానికి ఆ మాత్రం వ్యవధి కావాలని నూకరత్నం చెప్పింది. తర్వాత గాసన్న బండిని పక్కనున్న వాగులోకి దింపించి, నాలుగు చక్రాలకూ లాగుడు తగిలించే చిన్న లివరు వేయించాడు. మోకాలి లోతు బురదలోంచి జీపు తొందర లేకుండా ఒడ్డెక్కింది.

అయినా కామేశుకు మనసొప్పలేదు. ఇన్ని లోపాలున్నదాన్ని ఎలా కొంటామని మావను పక్కకు పిలిచి అడిగాడు.

"ఆ రెండిటికీ లోపాలు నేవనుకున్నావా అల్లుడూ?" అన్నాడు గాసన్న. "అయి మనకి కొండమీద సెప్తాయి. ఇది ఇక్కడే సెప్పింది."

నూకరత్నం అడిగిన ధర న్యాయంగా తోచింది. గాసన్న పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి బేరమాడకుండా కొన్నాడు.

శ్రావణం వచ్చింది. ముసురు పట్టిన ఒక తెల్లవారుజామున సీతాలుకు నొప్పులు మొదలయ్యాయి. ఆమెను వెనక సీట్లో కూర్చోబెట్టారు. కామేశు కంగారులో తాళం ఒక్కసారిగా పూర్తిగా తిప్పేశాడు. జీపు లేవలేదు. మళ్లీ తిప్పాడు. లేవలేదు. గూడెంవాళ్లు డోలీ కర్ర కోసం వెతకసాగారు. ఆ కర్రను చూసి సీతాలు ముఖం పాలిపోయింది.

గాసన్న అల్లుడి చేతి మీద చెయ్యి వేసి, తాళం సగం దగ్గర ఆపి, గట్టిగా లెక్క మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. కామేశు అందుకున్నాడు. చూరు కింద నిలబడ్డ ఆడవాళ్లు అందుకున్నారు. డోలీ కర్ర పట్టుకున్నవాళ్లు అందుకున్నారు. పళ్లు బిగించి సీతాలు కూడా లెక్కపెట్టింది. ఇరవై అనగానే కామేశు తిప్పాడు. జీపు ఒక్కసారి దగ్గి లేచింది.

బురద దారిలో, వాగులో, రాళ్ల మీద అది దిగుతూ పోయింది. పైకప్పు కారుతూనే ఉంది. గాసన్న కూతురి తల మీద గొడుగు పట్టుకుని కూర్చున్నాడు, కాళ్ల దగ్గర నూనె డబ్బా. పొద్దెక్కేసరికి ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం.

తిరిగి వస్తూ గాసన్న టీ బడ్డీ దగ్గర ఆగి సంగతి చెప్పాడు. నూకరత్నం కళ్లు తుడుచుకుని, ముందుగా అడిగింది ఒకటే, ఇరవై లెక్కపెట్టారా అని. గూడెమంతా లెక్కపెట్టిందని గాసన్న చెప్పాడు.

లోపం లేని బండీ ఉండదు, లోపం లేని మనిషీ ఉండడు. తన లోపాన్ని ముందే చెప్పినవారి మాటే కష్టకాలంలో గట్టెక్కిస్తుంది.