గట్టు మీది మాట

పూర్వం ఒక వానాకాలంలో పాలమడుగు ఊరి ఏటిగట్టుకు గండి పడింది. పొద్దుగూకేలోగా పూడ్చకపోతే ఊరు మునిగిపోతుంది. రాజుగారు దండనాయకుడు భీమబాహుణ్ణి పంపారు. ఆయన గట్టు మీద గుర్రం దిగకుండానే, "నీళ్లలోకి దిగండి, మట్టి వెయ్యండి. దిగనివాడికి కొరడా దెబ్బలు" అని గద్దించాడు. వరద ఉరవడి చూసి ఒక్కరూ కదలలేదు.

బుట్టలల్లే నాంచారికి ఊరు దక్కాలన్న పట్టుదల. మట్టిగంప నెత్తిన పెట్టుకుని గుర్రం దగ్గరికి వచ్చింది.

"దొరా, మొదటి గంప ఎక్కడ వెయ్యమంటారు?"

"అదిగో, అక్కడ."

"ఇక్కణ్ణుంచి తెలియడం లేదు. కాస్త దగ్గరికొచ్చి చూపించండి."

ఆయన విసుక్కుంటూ గుర్రం దిగాడు. "ఈ అంచునా, ఆ అంచునా?" అని అడుగుతూ ఆమె నీళ్లలోకి నడిచింది. చూపిస్తూ చూపిస్తూ ఆయనా నడుములోతుకు వచ్చేశాడు. నాంచారి గంప ఆయన చేతికిచ్చింది. "ఎలా వెయ్యాలో కూడా మీరే చూపించండి."

ఆయన వేశాడు. అది చూసి ఊరు ఊరంతా గంపలతో దిగింది. పొద్దు వాలేసరికి గండి పూడింది.

ఒడ్డెక్కాక దండనాయకుడు కళ్లెర్రజేశాడు. "మాయచేసి నన్ను నీళ్లలోకి దింపావు."

"దొరా, గట్టు మీద మీరు 'పొండి' అని ఎంత గద్దించినా ఎవరూ కదలలేదు. నీళ్లలో నిలబడి మీరు 'రండి' అని కూడా అనలేదు, అందరూ వచ్చారు."

ఆయన ఏదో అనబోయాడు. అప్పటికే జనం చుట్టూ చేరి, మట్టిచేతులతో ఆయనకు దణ్ణం పెడుతున్నారు.

"నేను తెలిసే దిగాను" అన్నాడు దండనాయకుడు.

నాంచారి కాదనలేదు.