పేరు లేని నీటిచక్రం

మెట్టసీమకు నీళ్లందించమని రాజుగారు ఆజ్ఞాపిస్తే, విద్యాపీఠం పండితుడు నీటిచక్రం నమూనా గీశాడు. కార్ఖానా షావుకారు దాన్ని చేయించాడు. మంత్రి ఏటి ఒడ్డున స్థలమిచ్చాడు. అంతా బాగానే ఉంది కానీ, చేసినవారి పేరు చెక్కందే నీళ్లు తోడకూడదని అక్కడి ఆచారం. నాదంటే నాదని ముగ్గురూ నెల్లాళ్లుగా కొట్టుకుంటున్నారు. పెద్దల తగువు కదా, ఓ పట్టాన తెమలదు. ఇవతల నారుమళ్లు ఎండిపోతున్నాయి.

రైతు సింగమ్మ సభకొచ్చింది. "దొరా, రేపు ఆ చక్రం విరిగి ఎవరి నెత్తినైనా పడితే శిక్ష ఎవరికి?"

"చేసినవాడికే!" అన్నాడు రాజు.

"నేను గీతలు గీశానంతే," అన్నాడు పండితుడు.

"గీసినట్టు చేయించానంతే," అన్నాడు షావుకారు.

"నేను చోటు చూపించానంతే," అన్నాడు మంత్రి.

"విన్నారుగా దొరా, అది ఎవరిదీ కాదట. చెక్కడానికి పేరే లేనప్పుడు ఆచారం అడ్డురాదు కదా. ఇక నీళ్లు తోడుకోమంటారా?"