మంచుకోనలో కలల సభ

మంచుకోన అని ఒక చిన్న అడవి ఉండేది. ఎంత చిన్నదంటే, ఒక్క మబ్బు వచ్చి పైన నిలబడితే అడవంతా నీడ పడేది. అందులో నెమళ్ళు, చుక్కలజింకలు, కుందేళ్ళు, ఉడతలు, ఏదుపందులు, తాబేళ్ళు ఉండేవి. చిన్నదే కదా అని ఎవరూ చులకన చేయనక్కర్లేదు. దానికి తేనె ఉంది, నేరేడు చెట్లు ఉన్నాయి, పొద్దున్నే మోకాలి లోతు మంచు ఉంది.

కోనకు పైన ఏనుగుల కొండ. ఏరు అక్కడి నుంచే దిగి వచ్చేది. పడమట తోడేళ్ళ అడవి. ఆ అడవికీ కోనకూ మధ్య వాక్కాయ పొదల కంచె. ముళ్ళు గుచ్చుకుంటున్నా ఓర్చుకుని తాతముత్తాతలు నాటిన కంచె అది.

ఆ కోనలో ఒక ఆచారం ఉండేది. చలికాలం వెళ్ళిపోయే రోజున, తెల్లవారగానే అందరూ పచ్చికలో చేరేవారు. తమకు వచ్చిన కలలు చెప్పుకునేవారు. ఎవరి కల అందరికీ నచ్చితే, వచ్చే ఏడాదికి వారే కోనకు పెద్ద. ఇదేం పద్ధతి అని అడగకండి. వాళ్ళ పద్ధతి అది.

ఆ ఏడు సభ మొదలుకాక ముందే రెండు కబుర్లు వచ్చాయి. కొంగ ఏనుగుల కబురు తెచ్చింది. "మా గుంటలే ఎండిపోతున్నాయి. ఈ ఎండాకాలం ఏరు సగమే వదులుతాం." కాకి తోడేళ్ళ కబురు తెచ్చింది. "మీ కంచె తీసేయండి. మా మామిడి తోపు మీదే అనుకోండి."

చిన్నక్క అనే చుక్కలజింక ఆ మాటలు విని దిగులుపడింది. దాని కడుపులో బిడ్డ ఉంది. వచ్చే ఎండలకు ఆ బిడ్డ పుడుతుంది. "నా బిడ్డకు నీళ్ళెలా?" అని అది మంచులో నిలబడి ఆలోచించింది.

సభలో రంగరాజు అనే నెమలి ముందుకు వచ్చింది. పింఛం విప్పింది. మంచు మీద ఎండ పడి ఆ కన్నులన్నీ మెరిశాయి.

"నా కలలో ఏరు పాలలా తెల్లగా పారింది," అంది. "మామిడి కొమ్మలు వాటంతట అవే వంగి మన నోటి దగ్గరికి వచ్చాయి. తోడేళ్ళు మన పచ్చికలో గొర్రెపిల్లల్లా గడ్డి మేస్తున్నాయి. గాలి నిండా తేనె వాసన. ఎవరికీ పని లేదు. అందరూ మబ్బుల మీద పడుకున్నట్టు పడుకున్నారు."

జంతువులన్నీ కళ్ళు మూసుకుని విన్నాయి. ఉడతలకు నోరూరింది. చిన్నక్క కడుపు మీద వెచ్చగా ఎండ పడింది. దానికి దిగులు పోయినట్టే అనిపించింది.

తర్వాత సూరమ్మ అనే ఏదుపంది లేచింది. పెద్ద వయసుది, మాట పడని రకం.

"నాకూ కల వచ్చింది," అంది. "ఏరు ఎండిపోయింది. అడుగున ఇసుక తెల్లగా మెరుస్తోంది. నేను ఆ ఇసుకలో చెలమ తవ్వుతున్నాను. మీరంతా నాతో తవ్వుతున్నారు. అందరి ముక్కుల నిండా బురదే."

అందరూ పగలబడి నవ్వారు. "అయ్యో అత్తా, కలలో కూడా పనేనా!" అంది కుందేలు. చిన్నక్క కూడా నవ్వింది. తాబేలు తాత ఒక్కడే నవ్వలేదు.

నవ్విన మొహాలన్నీ సూరమ్మ ఒక్కొక్కటే చూసింది. "నవ్వండి. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంటుంది," అంది. నెమలి వైపు తిరిగి, "ఏమయ్యా రంగరాజూ, నీ కలలో పుట్టబోయే పిల్లలు ఏం తాగారు?" అని అడిగింది.

"కలలో ఎవరికైనా దాహం వేస్తుందా అత్తా?" అంది నెమలి. సభంతా ఈలలు, కేకలు. రంగరాజే పెద్ద అయింది.

మొదటి పనిగా కంచె పీకించింది. పీకేటప్పుడు ముళ్ళు గుచ్చుకుంటే, "చూశారా, ఎంత చెడ్డ కంచో," అంది.

సూరమ్మ ఆ పనికి రాలేదు. పీకి పారేసిన వాక్కాయ కొమ్మల్ని తన వాళ్ళతో ఈడ్చుకుంటూ దక్షిణపు వాలుకు తీసుకుపోయింది. ఏరు అక్కడ మలుపు తిరుగుతుంది. ఆ మలుపు చుట్టూ ముళ్ళు పేర్చింది. ఇసుకలో చెలమలు తవ్వి, గట్టు కూలకుండా రాళ్ళు పేర్చింది. తాబేలు తాత వచ్చి రాళ్ళు అందించాడు.

"ఎవరికోసం సూరమ్మా ఇదంతా?" అన్నాడు తాత.

"నాకోసమే. నన్ను చూసి నవ్విన వాళ్ళకోసమైతే కాదు," అంది సూరమ్మ. అయినా ఆమె తవ్విన చెలమలు ఒక ఏదుపందికి అవసరమైన వాటికంటే చాలా ఎక్కువ.

ఎండలు వచ్చాయి. ఏరు సగమైంది, తర్వాత సన్నని వెండి తీగలా అయింది. చిన్నక్కకు బిడ్డ పుట్టింది.

తోడేళ్ళు వచ్చాయి. మొదట మామిడి పళ్ళు తెచ్చాయి. ఆ తర్వాత నీడ అడిగాయి. ఆ తర్వాత మిగిలిన ఒక్క మడుగు దగ్గర పడుకున్నాయి, ఇక లేవలేదు. ఒక రోజు పొద్దున్న పెద్ద తోడేలు చిన్నక్కను పిలిచింది.

"నీ బిడ్డ ముద్దుగా ఉంది. ఈ పూట నుంచి మా దగ్గరే పడుకోబెట్టు. మేం కాపలా కాస్తాం."

చిన్నక్క బిడ్డను వెనక్కి లాక్కుంది. రంగరాజు దగ్గరికి పరుగెత్తింది. నెమలి తోడేలు ముందుకు వచ్చి, పింఛం విప్పి, "ఇదేం మాట? నా కలలో మీరు గడ్డి మేశారే!" అంది.

"అది నీకు వచ్చిన కల," అంది తోడేలు. "మాకు రాలేదు."

అని పింఛం పట్టుకుంది. నెమలి కొట్టుకుని, గింజుకుని చెట్టెక్కింది. పింఛం తోడేలు నోట్లో మిగిలింది.

ఆ గలాటాలో చిన్నక్క బిడ్డను తీసుకుని దక్షిణపు వాలుకు పరుగు తీసింది. కోనలోని జంతువులన్నీ దాని వెనకే పరుగెత్తాయి. ముళ్ళ దారిలో సూరమ్మ నిలబడి ఉంది.

"నువ్వు నవ్వావు," అంది కుందేలుతో. "నువ్వూ నవ్వావు," అంది చిన్నక్కతో.

"నవ్వాను అత్తా. నన్ను బయటే ఉంచు. నా బిడ్డను లోపలికి రానీ," అంది చిన్నక్క.

సూరమ్మ ఆ పసిదాన్ని చూసింది. దాని నాలుక ఎండిపోయి ఉంది. "ముందు పిల్లలు తాగాలి," అంది. "తర్వాత నవ్వనివాళ్ళు. నవ్విన వాళ్ళు ఆఖరున. వరస తప్పితే ఊరుకోను." అందర్నీ లోపలికి రానిచ్చింది.

తోడేళ్ళు వెంటబడి వచ్చాయి. ఏదుపందులన్నీ దారికి వీపు పెట్టి, ముళ్ళు నిక్కించి, వెనక్కి వెనక్కి నడిచాయి. ముందున్న తోడేలు మూతి నిండా ముళ్ళు దిగాయి. అది ఏడ్చుకుంటూ మడుగుకు పోయింది. మడుగూ ఎండిపోయింది. దాహంతో తోడేళ్ళు తమ అడవికి తాము వెళ్ళిపోయాయి.

చెలమల్లో నీళ్ళు నెమ్మదిగా ఊరేవి. తాగినవాళ్ళు తవ్వేవారు, తవ్వినవాళ్ళు తాగేవారు. అట్లా ఎండలు గడిచాయి.

తొలకరి పడగానే జంతువులు సూరమ్మను పెద్దగా ఉండమన్నాయి. "ఉంటాను," అంది. "కలలు చెప్పుకోండి, వినడానికి నేనూ వస్తాను. కానీ పెద్దను మాత్రం కలల్ని బట్టి ఎన్నుకోవద్దు. ముందు కంచె నాటండి."

రంగరాజు చెట్టు దిగి వచ్చింది. ముక్కుతో గుంట తీసి, వాక్కాయ మొలక ఒకటి పాతింది. సూరమ్మ వచ్చి చూసి, "వంకరగా పాతావు, మళ్ళీ పాతు," అంది.

అది మళ్ళీ పాతింది. సన్నని వాన పడుతూనే ఉంది. చిన్నక్క బిడ్డ తడి ఇసుకలో తల్లిని ఆనుకుని నిద్రపోయింది.

నీతి: తియ్యటి మాట చెప్పినవాణ్ణి పెద్దను చేసి కంచె పీకేసుకుంటే, వచ్చే కష్టం పిల్లల మీద పడుతుంది. రేపటి నీళ్ళకు ఈ రోజే తవ్వుకున్న చిన్న దేశం ఎవరికీ లొంగదు.