నాలుగో పిలుపు

ఊఁ కొట్టేవాళ్ళుంటే చెబుతాను, లేకపోతే ఈ కథ నా నోట్లోనే ఉండిపోతుంది. కొడతారా? సరే. మీ తాతకి తాత పాలపళ్ళు ఊడగొట్టుకుంటున్న కాలానికి ఇంకా అవతల, ఏటి ఒడ్డున ఒక ఊరు. ఊరి చివర ఒక మెట్ట. మెట్ట మీద ఒక కోర్టు. మెట్ట కింద ఒక తాటితోపు.

పెద్దమనుషులు మెట్ట మీద వసారాలో కూర్చునేవారు. పేదాసాదా కింద తోపులో కూర్చునేవారు. తాటిచెట్టు నీడ సంగతి తెలుసుగా, ఉన్నట్టే ఉంటుంది, కాసేపటికి పక్కవాడి మీదికి పోతుంది. పిలవందే తోపులోవాళ్ళు మెట్ట ఎక్కకూడదు. అది ఆ కోర్టు రివాజు. మూడు సార్లు పిలుస్తారు. మూడు పిలుపులకీ రాకపోతే వాడిక రానట్టే. వాడి మాట చెల్లదు, వాడి గోడు ఎవరికీ అక్కర్లేదు.

ఆ పిలిచేవాడే గవరయ్య. కోర్టు బంట్రోతు. భుజానికి అడ్డంగా ఎర్ర డవాలు పట్టీ, దాని మీద ఇత్తడి బిళ్ళ. చిన్నతనమంతా జొన్నచేలో మంచె మీద నిలబడి పిట్టల్ని తోలినవాడు. ఆ గొంతే కోర్టుకి పనికొచ్చింది. అతను గుమ్మంలో నిలబడి మొదటి పిలుపు పిలిస్తే చాలు, తోపులో నిద్రపోతున్నవాడు కూడా పంచె సర్దుకుంటూ పరుగెత్తుకొచ్చేవాడు. రెండో పిలుపు అరుదు. మూడో పిలుపు అవసరమే పడేది కాదు.

అదే కోర్టులో ఒక ప్లీడరు. అచ్యుతం గారు. ఆయన పేరు చెబితే ఏటికి అవతలి ఊళ్ళలో కూడా లేచి నిలబడేవారు. ఊరికే వచ్చిందా పేరు? మొదట ఒక దొంగని దొరని చేశారు. తర్వాత ఒక దొరని దేవుణ్ణి చేశారు. ఆ తర్వాత, చచ్చినవాడిదే తప్పని రుజువు చేశారు. ఆయన సాక్షుల్ని ప్రశ్నలడుగుతుంటే చూడ్డానికి జనం తిరనాళ్ళకి వచ్చినట్టు వచ్చేవారు. ఎన్నడూ గొంతు పెంచేవారు కాదు. "అలాగా అమ్మా," అనేవారు. "మరిచిపోయి ఉంటావులే అమ్మా," అనేవారు. చివరికి "పోనీలే అమ్మా," అనేసరికి సాక్షికి తన పేరు మీద తనకే అనుమానం వచ్చేది.

అయితే ఎంత గొప్ప ప్లీడరుకైనా కొరుకుడు పడని సాక్షులు కొందరుంటారు. చూసింది చూసినట్టు చెప్పే మొండిఘటాలు. వాళ్ళని ఏం చెయ్యాలి? ఏమీ చెయ్యక్కర్లేదు. వాళ్ళు రాకపోతే చాలు. అచ్యుతం గారు ఒకనాడు జడ్జీ గారి ముందు వినయంగా వంగి, "చిత్తగించండి. ఈ బంట్రోతు కేకలకి ధర్మాసనం కాస్తా సంతలా తయారైంది. కొంచెం మెల్లిగా పిలవమని సెలవియ్యండి," అన్నారు.

జడ్జీ గారికి ఆ పూట నిజంగానే తలనొప్పిగా ఉంది. "మెల్లిగా పిలు," అన్నారు.

"చిత్తం," అన్నాడు గవరయ్య.

మొదట కుమ్మరి తవిటయ్య వంతు వచ్చింది. జమీందారు దివాణం వాళ్ళు తను కుండలు కాల్చే ఆవాన్ని ఎద్దులతో తొక్కించేశారని అతని గోడు. గవరయ్య మెల్లిగా మూడు సార్లు పిలిచాడు. ఆ పిలుపు గుమ్మం దాటింది, మెట్ట దిగలేదు. సాయంత్రం డవాలు విప్పి ఇంటికి పోతుంటే తవిటయ్య తోపులో ఇంకా కూర్చునే ఉన్నాడు.

"నన్నింకా పిలవనేదేటి బాబూ?"

"పిలిసాను."

"నాకినపడనేదు బాబూ. మల్లీ ఓపాలి పిలవ్వా?"

గవరయ్య తల దించుకుని వెళ్ళిపోయాడు. తర్వాత జాలరి నూకమ్మ వంతు. ఆమె కూడా సాయంత్రం అదే అడిగింది. గవరయ్య ఆమెకీ మొహం చూపించలేదు. తనది పిలవడం వరకే, వినపడటం దేవుడి చేతిలో ఉందని ఇంటికి పోయి పెళ్ళాంతో అన్నాడు. పెళ్ళాం అంబలి ముందు పెట్టి అవతలికి పోయింది.

ముచ్చటగా మూడోది పైడమ్మది. ఆమెకి ఒక్కడే కొడుకు, ఎర్రయ్య. దివాణం వారి చెరువులో ఒక చేప పట్టాడని దివాణం కుర్రాడు వాణ్ణి గట్టు మీదే కొట్టి చంపాడు. చూసింది పైడమ్మ ఒక్కతే. ఆమె చెబితే కుర్రాడికి శిక్ష, చెప్పకపోతే లేదు. కుర్రాడి తరఫున నిలబడింది అచ్యుతం గారు.

గవరయ్య గుమ్మంలోకొచ్చి మెల్లిగా పిలిచాడు, "పైడమ్మా, హాజర్!" తోపులో ఎవరూ కదల్లేదు. రెండో పిలుపు పిలిచాడు. ఎవరూ కదల్లేదు. మూడో పిలుపు కూడా పిలిచాడు. ఇంకా నయం, వెనక్కి తిరిగేముందు ఒకసారి కిందికి చూశాడు. తాటిచెట్టు మొదట్లో ఒక ముసలామె, మొహం కోర్టు గుమ్మానికి ఎత్తి, చెవి మీద చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉంది.

లోపల జడ్జీ గారు కలం సిరాలో ముంచారు. అచ్యుతం గారు కండువా సర్దుకున్నారు. అప్పుడు గవరయ్య మెట్ట అంచుకి పోయి నిలబడ్డాడు. మంచె మీద నిలబడ్డట్టు నిలబడి, కడుపులోంచి అరిచాడు.

"పైడమ్మా! ఎర్రయ్య తల్లీ! రాయే అమ్మా, రా!"

తాటాకుల మీది కాకులన్నీ లేచిపోయాయి. పైడమ్మ పడుతూ లేస్తూ మెట్ట ఎక్కి వచ్చింది. జడ్జీ గారు చిరాకుపడ్డారు గానీ, "వచ్చింది కదా, చెప్పనియ్యండి," అన్నారు. పైడమ్మ చెప్పింది. చేప సంగతి చెప్పింది, కర్ర సంగతి చెప్పింది, కొడుకు ఆఖరికి అమ్మా అన్న సంగతి చెప్పింది. అచ్యుతం గారు లేచారు.

"నీ వయసెంత అమ్మా?"

"నాకెరిక నేదు బాబూ."

"అలాగా అమ్మా. వయసే తెలియనిదానివి, ఆ రోజు సంగతి ఏం గుర్తుంటుంది?"

"నా వయసు నాతో పోద్ది బాబూ. ఆ రోజు పోదు."

"మరిచిపోయి ఉంటావులే అమ్మా."

"మర్సిపోతే బాగున్ను బాబూ. నిద్దరట్టేది."

"పోనీలే అమ్మా."

"ఏటి పోనిమ్మంటావు? పోకూడనోడు పోనాడు."

కోర్టంతా గుడ్లప్పగించి చూసింది. అచ్యుతం గారి నోట మూడు మాటలూ అయిపోయాయి, సాక్షి మాత్రం నిలబడే ఉంది.  ఆయన గుమ్మం వైపు తిరిగి, అదే మెత్తని గొంతుతో, "గవరయ్యా, ఈ సాక్షిని ఎన్నిసార్లు పిలిచావు?" అన్నారు.

జడ్జీ గారు లెక్కపెట్టుకోలేదు. గవరయ్య మూడు అని ఉంటే మూడే. అబద్ధాలతో అన్నం తినే ఆ కోర్టులో ఇంకో అబద్ధానికి చోటు లేకపోలేదు. కానీ డవాలు వేసుకున్న నాడు నిజమే చెబుతానని దేవుడి ముందు చెయ్యెత్తినవాడు.

"నాలుగు బాబుగారూ," అన్నాడు.

"నాలుగో పిలుపు చట్టంలో లేదు, చిత్తగించండి," అని అచ్యుతం గారు కూర్చున్నారు.

జడ్జీ గారు పైడమ్మ వైపు చూశారు, చట్టం వైపు చూశారు. "విన్నాను గానీ విననట్టే," అన్నారు. ఆమె చెప్పిందంతా కొట్టేశారు. దివాణం కుర్రాడు మీసం తిప్పుకుంటూ మెట్ట దిగాడు. ధర్మాసనం మర్యాద తీశాడని గవరయ్య డవాలు ఊడదీయించారు. ఎప్పుడూ అబద్ధాలు చెల్లే చోట ఒక్కడు నిజం చెబితే, అది చంపినవాడికి పనికొచ్చింది.

మెట్ట కింద పైడమ్మ ఎదురైంది. గవరయ్య చేతులు జోడించి, "నానేటీ సెయ్యనేకపోనానమ్మా," అన్నాడు.

పైడమ్మ తిట్టలేదు, శపించలేదు. అయిందేదో అర్థం కాక అడిగింది. "మొదటి పిలుపే అలగ అరిసుంటే ఏటయ్యేది బాబూ?"



మర్నాడు పొద్దున్నే గవరయ్య వచ్చి మెట్ట మొదట్లో కూర్చున్నాడు. డవాలు లేదు, బిళ్ళ లేదు. పైన కొత్త బంట్రోతు మెల్లిగా ఒక పేరు పిలిచాడు. గవరయ్య చెవి రిక్కించి విని, తోపు వైపు తిరిగి అదే పేరు గొంతు చించుకుని అరిచాడు. మొదటి పిలుపుకే. మనిషి లేచి మెట్ట ఎక్కాడు. అచ్యుతం గారు ఫిర్యాదు చేశారు. జడ్జీ గారు కిటికీలోంచి చూసి, "తోపు కోర్టు కాదు. అక్కడ ఎవరరుచుకుంటే మనకేం?" అన్నారు. పేదవాళ్ళని దూరంగా ఉంచిన రివాజే గవరయ్యని కాపాడింది.

ఎండలో అరిచాడు, వానలో అరిచాడు, జ్వరంలోనూ అరిచాడు. ఒకనాడు అక్కడే తాటిచెట్టుకి ఆనుకుని పోయాడు. పైన ఎవరి పేరో పిలుస్తున్నారు. కింద అరిచేవాడు లేడు. అప్పుడు దగ్గరున్న ఒకామె లేచి ఆ పేరు అరిచింది. ఆమె వెనకాతల ఇంకొకడు అరిచాడు. తోపు తోపంతా అరిచింది. ముందు అరిచింది పైడమ్మే అంటారు. నేను చూడలేదు, మా అవ్వ చెప్పింది.

అచ్యుతం గారికి ఏమైందంటారా? ఏమీ కాలేదు. నిండా నూరేళ్ళు బతికి పరుపు మీద పోయారు. కోర్టులో పటం కట్టి దండ వేశారు. మిగతా కథల్లో చెడ్డవాళ్ళకి శిక్ష పడుతుంది. ఇది కోర్టు కథ.

ఇప్పటికీ ఆ వైపు కోర్టు గుమ్మంలో ఎవరి పేరు పిలిచినా, బయట కూర్చున్నవాళ్ళు ఆ పేరు అందుకుంటారు. తమకి సంబంధం లేకపోయినా అందుకుని, ఆ మనిషి లేచేదాకా నోటికి నోటికి అందిస్తారు. దాన్ని గవరయ్య కేక అంటారు. ఆలస్యంగా వచ్చిన సాయాన్ని చూస్తే మాత్రం, "గవరయ్య నాలుగో పిలుపు" అని మూతి తిప్పుకుంటారు. ఆ పేరుకి రెండు మాటలూ మిగిలాయి, ఏం చేస్తాం?

అందుకే ఆ ఊరి అమ్మలు పిల్లల్ని వీధిలోకి పంపేటప్పుడు, "ఎవడికేనా అన్నేయం జరిగితే మొదటి పిలుపుకే అరవండ్రా," అంటారు. పిల్లలు సరేనంటారు. పెద్దయ్యాక ఎంతమంది అరుస్తున్నారో మీకూ తెలుసు, నాకూ తెలుసు.