కోత మిల్లు కుందేలు గుసగుస

అనగనగా ఒక అడవి. అడవి కథంటే సింహం రావాలి కదా అంటారేమో. ఈ అడవిలో సింహం లేదు, కోత మిల్లు ఉంది. గాలివానకి పడిపోయిన చెట్లని అక్కడ పలకలుగా కోసేవారు. మిల్లు యజమాని ఏనుగు భద్రయ్య. రంపం మిషను మీద మేస్త్రి కుందేలు సింగన్న. కథలు చెప్పేవాళ్ళకి మేకు తిన్నగా కొట్టడం కూడా రాదు గానీ, సింగన్న కోసిన పలక అద్దంలా ఉండేదని మాత్రం గట్టిగా చెప్పగలం.

రంపం తిరిగితే చెవులు చిల్లులు పడేవి. అందుకని భద్రయ్య పనివాళ్ళందరికీ, ఎవరి చెవికి తగ్గవి వాళ్ళకి, మెత్త పెట్టిన చెవి డిప్పలు చేయించి ఇచ్చాడు.

"నాకెందుకండీ?" అన్నాడు సింగన్న. "రంపం గొంతు విని పదును చెప్పేవాణ్ణి. మా నాన్నా అంతే. చెవులు మూసుకుని కోయడమంటే ముక్కు మూసుకుని పులుసు రుచి చూడటమే!"

"మూసుకున్నా రంపం వినబడుతుందయ్యా, దాని పోటే తగ్గుతుంది. పైగా పదును పోతే చెక్క కమురు వాసన కొడుతుంది, పొట్టు పిండిలా రాలుతుంది. ముక్కూ చేతులూ లేవా నీకు?"

"పెద్ద చెవులవాళ్ళం, మనకేమవుతుందండీ!" అని సింగన్న యజమానిని కూడా తన జట్టులో కలిపేసుకున్నాడు. డిప్పల్లో వేరుశనగకాయలు పోసుకుని, నములుతూ కోసేవాడు.

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం, ఇంటికొచ్చినా చెవిలో ఒకటే గీ మని రొద. సింగన్న గడ్డిలోకి వెళ్ళి కీచురాయి మీద విరుచుకుపడ్డాడు. "ఆపవయ్యా నీ కచేరీ!"

"భోంచేస్తున్నాను మావా," అంది కీచురాయి, నోటినిండా ఆకుతో. "ఇప్పుడు పాడితే పొలమారదూ?"

సింగన్న నమ్మలేదు.

తర్వాత సింగన్న గొంతు తనకి తెలియకుండానే పెద్దదైంది. మిల్లులో పక్కవాడి చెవిలో, "భద్రయ్యగారు కూర్చున్నాక ఆ బల్ల మళ్ళీ లేవలేదు," అని రహస్యం చెప్పాడు.

"వినబడింది సింగన్నా," అన్నాడు భద్రయ్య అవతలి షెడ్డులోంచి.

పక్కవాడే చాడీలు మోశాడని సింగన్న వాడితో మాట్లాడటం మానేశాడు.

ఇంతలో అడవిలోకి కొత్త నక్క దిగింది. సింగన్న కూనలకి ఇంకా పరుగు రాలేదు. సింగన్న తన భార్య గవరమ్మని దగ్గరికి పిలిచి, మీసాలు ఆమె చెవికి తగిలేలా వంగి, తనకి చేతనైనంత మెల్లగా అన్నాడు: "పిల్లల్ని చింతచెట్టు తొర్రలో దాచావుగా? ఎవరికీ చెప్పకు!"

కొమ్మ మీది పావురాలు ఎగిరిపోయాయి. ఏటి అవతల నీళ్ళు తాగుతున్న లేడి, "చెప్పంలే అన్నయ్యా!" అని అరిచింది.

గవరమ్మ నెత్తి కొట్టుకుంది. "మీ గుసగుస తగలెయ్య! నక్కకి దారి కూడా చూపించి రండి!" అంటూనే కూనల్ని కరుచుకెళ్ళి రాతిబండ వెనక పెట్టింది.

"గట్టిగా అన్నానా? నేనా?" సింగన్నకి రోషం వచ్చింది. "ఈ చెవులు దాటి నక్క ఎలా వస్తుందో చూస్తా!" అని ఖాళీ తొర్ర ముందు కాపలా కూర్చున్నాడు. చెవులు రెండూ జెండాల్లా నిలబెట్టాడు.

నక్క రానే వచ్చింది. ఎండుటాకులు చరచరలాడాయి. సింగన్న కదల్లేదు. పుల్ల విరిగింది. కదల్లేదు. ఆఖరికి నక్క తుమ్మింది. సింగన్న మీసం దువ్వుకున్నాడు. 'ఇంత ధైర్యమేమిటి వీడికి?' అని నక్కే జడిసి ఒక్క క్షణం ఆగింది.

ఆ క్షణంలోనే గవరమ్మ బండ పక్కనుంచి వెనకకాళ్ళతో నేలని దబదబా బాదింది. చెవులకి అందనిది సింగన్న అరికాళ్ళకి అందింది. ఒక్క గెంతు గెంతాడు. నక్క నోట్లో బొచ్చు మాత్రం మిగిలింది. ఆ చప్పుడుకి భద్రయ్య పరుగున వచ్చేసరికి నక్క అడవే మార్చేసింది.

మర్నాడు సింగన్న కాయలు ఒంపేసి డిప్పలు చెవులకి తగిలించుకున్నాడు. పొట్టు చేత్తో నలిపి పదును చూసుకున్నాడు. పలక అద్దంలాగే వచ్చింది.

"మరి పోయిన వినికిడి ఎప్పుడొస్తుందండీ?" అని అడిగాడు.

"అది రాదు నాయనా," అన్నాడు భద్రయ్య. "ఉన్నది నిలుపుకో."

కూనలు పెద్దవయ్యాయి. ఒకరోజు చిన్నది తండ్రి చెవి వంచి ఏదో చెప్పింది.

"గట్టిగా చెప్పమ్మా."

కూన అటూ ఇటూ చూసింది. "గట్టిగా చెప్పే మాట కాదు నాన్నా," అని కేకేసి, వెళ్ళి తల్లి చెవిలో చెప్పింది. ఇద్దరూ పకపకా నవ్వారు. ఎందుకో తెలియకపోయినా సింగన్న కూడా నవ్వాడు.

నీతి: మిషను దగ్గర చెవులు కప్పుకున్నవాడికే ఇంట్లో గుసగుసలు మిగులుతాయి, పోయిన వినికిడి ఎంత గొప్ప మేస్త్రికైనా తిరిగి రాదు.